ఆటిజం: తల్లి తప్పూ కాదు, తల్లి ఒక్కదాని పనీ కాదు

(పిఠాపురంలో జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాను. మండల పరిషత్ బడిలో పాఠాలు చెప్పుకునే టీచర్ని. ఆటిజం ఉన్న పిల్లవాడి తల్లిని. ఆ రెండో అర్హతతోనే నన్ను పిలిచారని నాకు తెలుసు.

'ఆటిజం ఉన్న పిల్లల మెదడు ఎదుగుదల మీద మమతానుబంధాల ప్రభావం' అన్నది నాకు ఇచ్చిన విషయం. చదవగానే గుండె దడదడలాడింది. ఎందుకంటే ఈ మాటతోనే నన్ను కొట్టారు. చేత్తో కాదు, మాటతో. తల్లి దగ్గర ప్రేమ దొరికితే పిల్లవాడి మెదడు ఎదుగుతుంది అన్నారంటే, ఎదగలేదు కాబట్టి తల్లి ప్రేమించలేదు అని అర్థం తీయడానికి లోకానికి క్షణం పట్టదు. అందుకని ఈ విషయంలో ఏది నిజమో, ఏది నిజం కాదో విడదీసి చెప్పడానికే వచ్చాను.

మా అబ్బాయి 2006లో పుట్టాడు. ఏడాది నిండేదాకా మాకేమీ తేడా తెలియలేదు. 'అమ్మ', 'తాత', 'బువ్వ' అన్న మూడు మాటలు వచ్చాయి. ఏడాదిన్నర వచ్చేసరికి ఆ మూడూ పోయాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చెవుడేమో అనుకున్నాం. కానీ మా ఇంటికి దూరంగా రైలు కూత వినబడితే మాత్రం గుమ్మంలోకి పరిగెత్తేవాడు. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ తెచ్చి వరసగా పేర్చేవాడు. ఎవరైనా ఒక చెప్పు తీస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు.

మా అత్తగారు అన్నారు: "ఉద్యోగం ఉద్యోగం అంటూ పసిగుడ్డుని వదిలేసి పోయావు. పిల్లోడికి నీ మీద మనసు విరిగిపోయిందే." సరే, ఆవిడ చదువుకోలేదు అనుకున్నాను. ఆ తరవాత పట్నంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఉద్యోగం చేస్తున్నారామ్మా?" అని. పక్కనే మా వారు కూర్చుని ఉన్నారు. ఆయనా ఉద్యోగస్తుడే. ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. చదువు లేని మా అత్తగారికీ, గోడ నిండా పట్టాలున్న ఆ డాక్టరుకీ తేడా ఏమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం సంస్థానం పోషణలో వచ్చిందని మనందరం గర్వంగా చెప్పుకుంటాం. అంత పెద్ద నిఘంటువు ఇచ్చిన ఊళ్ళో నా కొడుకు స్థితికి నాకొక మాట దొరకలేదు. జనం ఇచ్చిన మాటలు మాత్రం చాలా ఉన్నాయి: మొద్దు, పిచ్చి, మూగ, గాలి సోకింది, పూర్వజన్మ పాపం. నిఘంటువుది తప్పు కాదనుకోండి. దాని మొదటి సంపుటం వచ్చింది 1936లో. అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసి, ఆటిజం అన్న మాటను ఈ స్థితికి స్థిరపరిచింది 1943లో. అంతకన్నా చాలా ముందే, 1920లలోనే, మాస్కోలో పనిచేసిన గ్రున్యా సుఖరేవా అనే మహిళా డాక్టరు ఇలాంటి పిల్లల గురించి శ్రద్ధగా రాసింది. ఆమె పేరు దశాబ్దాల పాటు ఎవరూ తలుచుకోలేదు. ఆడవాళ్ళు చేసిన పని మరుగున పడిపోవడం మనకేమీ కొత్త కాదు కదా.

కానర్ తన వ్యాసంలో పిల్లల లక్షణాలు ఎంతో బాగా రాశాడు. ఇది పుట్టుకతో వచ్చేదని కూడా అన్నాడు. కానీ దానితోపాటు ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువగా ఉందని కూడా రాశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పాతికేళ్ళు లోకం తల్లుల్ని పీక్కు తింది. 'మంచుపెట్టె తల్లులు' అని పేరు పెట్టారు. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఒక పుస్తకం రాశాడు. ఆయన స్వయంగా నాజీల నిర్బంధ శిబిరాల్లో ఉండి బయటపడ్డ మనిషి. ఆ శిబిరాల్లో ఖైదీలు ఎలా ముడుచుకుపోయారో, తల్లి ప్రేమ దొరకని పిల్లలు అలా ముడుచుకుపోతారని వాదించాడు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి పెంచడమే వైద్యమన్నాడు. శిబిరంలో కాపలావాళ్ళ స్థానంలో ఎవరిని నిలబెట్టాడో చూడండి. తల్లిని!

దీన్ని ఎదిరించినవాళ్ళలో ముందు నిలబడింది ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్లాండ్ అమెరికా నౌకాదళంలో పనిచేసే మనస్తత్వవేత్త. తన కొడుక్కి ఆటిజం. దొరికిన పరిశోధనలన్నీ చదివి, ఇది మెదడు నిర్మాణానికి సంబంధించిన విషయం గానీ పెంపకం లోపం కాదని 1964లో పుస్తకం రాశాడు. 1969లో కానరే తల్లిదండ్రుల సభకు వచ్చి, మీ మీద నేరమేమీ లేదని చెప్పాడు. 1977లో ఇంగ్లండులో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 జతల కవల పిల్లల్ని పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతల్లో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు అండాల నుంచి పుట్టిన 10 జతల్లో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. పెంచిన తల్లి ఎవరికైనా ఒక్కతే కదా. తేడా పెంపకంలో లేదు, పుట్టుకలో ఉంది. అప్పటి నుంచి వచ్చిన పరిశోధనలన్నీ ఈ మాటనే బలపరిచాయి. శాస్త్రం ఆ నింద వదిలేసి ఇన్నేళ్ళయింది. మన వీధుల్లో మాత్రం ఇంకా వదలలేదు.

మరి అనుబంధాలకూ మెదడుకూ సంబంధం లేదా? ఉంది. ఇక్కడే జాగ్రత్తగా వినాలి.

పుట్టిన బిడ్డ మెదడులో మొదటి రెండు మూడేళ్ళు నరాల మధ్య కొత్త దారులు లెక్కలేనన్ని ఏర్పడతాయి. మన ఏలేరు ఆయకట్టు రైతుని అడగండి. నీళ్ళు పారే బోదె నిలుస్తుంది, పారని బోదె పూడిపోతుంది. మెదడూ అంతే. వాడిన దారులు బలపడతాయి, వాడనివి సన్నగిలిపోతాయి. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? మనుషుల నుంచి. బిడ్డ 'ఊ' అంటుంది, మనం 'ఊ' అంటాం. బిడ్డ కాకిని చూస్తుంది, మనం 'కాకమ్మ!' అంటాం. రోజుకి వందసార్లు జరిగే ఈ పిలుపూ పలుకులే మెదడుకి మేత.

ఈ మేత పూర్తిగా కరువైతే ఏమవుతుందో రుమేనియాలో తెలిసింది. ఆ కథ ఆడవాళ్ళ హక్కుల కథ కూడా. 1966లో అక్కడి పాలకుడు చౌషెస్కూ జనాభా పెరగాలని గర్భస్రావాల్ని నిషేధించాడు. ఇష్టం లేకపోయినా, స్తోమత లేకపోయినా ఆడవాళ్ళు కనాల్సి వచ్చింది. కన్న పిల్లల్ని ప్రభుత్వ అనాథాశ్రమాల్లో వదిలారు. 1989లో ఆ ప్రభుత్వం కూలాక లోకం ఆ ఆశ్రమాల్ని చూసింది. వరసగా తొట్టి మంచాలు, వాటిలో తమకు తామే ఊగుతున్న పిల్లలు. ఎత్తుకునే చేతులు లేవు. వాళ్ళలో కొందరిని ఇంగ్లండులో పెంచుకున్నారు. ఆ పిల్లల్లో కొద్దిమందికి చూడడానికి ఆటిజం లాంటి లక్షణాలే కనబడ్డాయి. చాలామందిలో అవి కుటుంబంలో పెరిగే కొద్దీ తగ్గుతూ వచ్చాయి. తరవాత బుకారెస్ట్‌లో 136 మంది ఆశ్రమ పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. సగం మందిని పెంపుడు కుటుంబాలకిచ్చారు. రెండేళ్ళు నిండకముందే ఇల్లు దొరికిన పిల్లల మెదడు తరంగాలు, మామూలు ఇళ్ళలో పెరిగిన పిల్లల తరంగాలకు దగ్గరగా వచ్చాయి.

దీని నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. మమతానుబంధం లేకపోతే మెదడు దెబ్బతింటుంది, నిజం. కానీ అది ఆటిజం కాదు. దానిలా కనబడే వేరే విషయం. అక్కడ కూడా ఆ లేమికి కారణం తల్లుల గుండె కాదు, ప్రభుత్వం చేసిన చట్టం.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాం. ఆటిజంలో బోదెలు తవ్విన తీరే వేరు. అది చాలావరకు పుట్టకముందే జరిగిపోతుంది. 2013లో వారెన్ జోన్స్, ఆమి క్లిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నెలల పసికందులు ఎటు చూస్తున్నారో యంత్రాలతో కొలిచారు. తరవాత ఆటిజం ఉందని తేలిన పిల్లలు కూడా రెండో నెలలో అందరిలాగే కళ్ళలోకి చూశారు. రెండు నుంచి ఆరు నెలల లోపు ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఏ తల్లీ గుర్తించలేనంత చిన్న తేడా అది. బిడ్డ చూపు తగ్గింది. బిడ్డ పిలుపు వేరే రూపంలో వస్తోంది. అది పిలుపేనని మనకు తెలియదు. మనం పలకం. ఇద్దరి మధ్య రాకపోకలు తగ్గిపోతాయి. నేరం ఎవరిదీ కాదు. ఇద్దరి భాషలూ వేరు, అంతే. డేమియన్ మిల్టన్ అనే ఆయనకు స్వయంగా ఆటిజం ఉంది. ఆయన 2012లో ఈ మాటే రాశాడు: వాళ్ళకు మనం అర్థం కాకపోవడం ఎంత నిజమో, మనకు వాళ్ళు అర్థం కాకపోవడం కూడా అంతే నిజం.

"వాడికి నువ్వన్నా గోడన్నా ఒకటే" అని నాతో చాలామంది అన్నారు. అదీ తప్పే. 1984లోనే మేరియన్ సిగ్మన్, జూడీ అంగెరర్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు ఆటిజం ఉన్న పిల్లల్ని తల్లితోనూ కొత్త మనిషితోనూ ఉంచి చూశారు. తల్లి బయటికి వెళ్ళి వచ్చినప్పుడు పిల్లలు కొత్త మనిషిని కాదని తల్లి దగ్గరికే చేరారు. ప్రేమ ఉంది. అది కనబడే తీరు వేరు.

నాకు అది రైలు స్టేషన్లో తెలిసింది. చెప్పుల వరస, రైలు కూత అన్నాను కదా. అంతకు ముందు వాడిని ఒక శిక్షణ కేంద్రంలో చేర్చాం. అక్కడ పిల్లవాణ్ణి లోపల పెట్టి తలుపు వేసేవారు. లోపల వాడి ఏడుపు, బయట బెంచీ మీద నా ఏడుపు. "మీరు గారం చేసి పాడు చేశారు" అనేవారు. ఒక చోట గారం ఎక్కువైందని, ఇంకో చోట ప్రేమ తక్కువైందని! చివరికి ఒక స్పెషల్ టీచరు దొరికింది. ఆవిడ ఒకటే చెప్పింది: "వాడిని మీ లోకంలోకి లాక్కురాకండి. ముందు మీరు వాడి లోకంలోకి వెళ్ళి కూర్చోండి."

సరేనని రోజూ సాయంత్రం పిఠాపురం స్టేషనుకి తీసుకెళ్ళాను. గూడ్సు బండి వస్తుంది. వాడు పెట్టెల్ని చూస్తాడు. నేను వాడి మొహం చూడమని అడగడం మానేసి, వాడు చూసేదే చూశాను. "ఒకటి, రెండు, మూడు..." అని పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. కొన్ని వారాలయ్యాక ఒక రోజు తొమ్మిది దగ్గర కావాలని ఆగాను. బండి వెళ్ళిపోతోంది. వాడు నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. నా కళ్ళలోకి చూశాడు. 'చెప్పు' అన్నట్టు. నాలుగేళ్ళ పిల్లవాడు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చాను. మూడు నెలల తరవాత 'పది' అన్న మాట వాడి నోటి నుంచే వచ్చింది.

నేను చేసినదేమీ గొప్పది కాదు. తెలిసినవాళ్ళు పద్ధతిగా చేస్తున్నదే. ఇంగ్లండులో జొనథన్ గ్రీన్ బృందం 152 మంది చిన్నపిల్లల కుటుంబాలతో ఇలాంటి పని చేసి 2010లో ఫలితాలు ప్రకటించింది. తల్లో తండ్రో బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు. తరవాత కూర్చుని చూస్తారు. 'ఇదిగో, ఇక్కడ వాడు మిమ్మల్ని పిలిచాడు, మీరు గమనించలేదు' అని చూపిస్తారు. ఆగడం, గమనించడం, పలకడం నేర్పుతారు. దాదాపు ఆరేళ్ళ తరవాత మళ్ళీ చూస్తే, ఆ పిల్లల్లో లక్షణాల తీవ్రత మిగతావారి కన్నా తక్కువగా ఉందని 2016లో తేలింది. అమెరికాలో శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ రెండేళ్ళ వయసు పిల్లలతో ఆటపాటల ద్వారా రెండేళ్ళు పనిచేశారు. 2012లో ఆ పిల్లల మెదడు తరంగాలు చూస్తే, బొమ్మల కన్నా మనుషుల ముఖాలు చూసినప్పుడు మెదడు ఎక్కువగా స్పందిస్తోంది. మామూలు పిల్లల్లో కనిపించేదీ అదే. అంటే ఆటతో, మమతతో చేసిన పని మెదడు దాకా చేరింది.

ఇది మందు కాదు, మాయ కాదు. ఆటిజం పోయిందని ఎవరూ అనలేదు. పోగొడతామని డబ్బు గుంజేవాళ్ళని నమ్మకండి. మా అబ్బాయి ఇప్పుడు పెద్దవాడు. ఇప్పటికీ మాటలు తక్కువే. కానీ ఏం కావాలో చెబుతాడు, నొప్పి ఎక్కడో చూపిస్తాడు, బట్టలు మడత పెడతాడు. నాకు తలనొప్పి వస్తే అమృతాంజనం సీసా తెచ్చి పక్కన పెడతాడు. వాడికి ప్రేమ లేదన్నవాళ్ళకి ఆ సీసా చూపించాలనిపిస్తుంది.

ఇక అసలు మాట. ఈ ఆగడం, గమనించడం, పలకడం చెయ్యాలంటే ఏం కావాలి? ప్రేమ కావాలంటారు. ప్రేమ అందరు తల్లులకీ ఉంది. కావలసింది తీరిక. తెల్లారి నాలుగింటికి లేచి, నీళ్ళు పట్టి, వంట చేసి, కూలికో బడికో మగ్గం మీదికో వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడే ఆడదానికి, పిల్లవాడు గడ్డం పట్టుకుని తిప్పుకునేదాకా ఆగే తీరిక ఎక్కడిది? ఉప్పాడ మగ్గం మీద కూర్చున్న చెల్లెలు చెయ్యి ఆపితే ఆ పూట కూలి ఆగిపోతుంది. 'పిల్లవాడి మెదడు నీ చేతుల్లో ఉంది' అని ఆమెకు చెప్పి వెళ్ళిపోవడం సలహా కాదు, ఇంకో బరువు.

అనుబంధమంటే తల్లి ఒక్కతే అని ఏ శాస్త్రమూ చెప్పలేదు. మా వారు మొదట్లో దూరంగా ఉండేవారు. నేను టైఫాయిడ్‌తో పడుకున్న నెలలో స్టేషనుకి తీసుకెళ్ళక తప్పలేదు. తరవాత ఆ పని ఆయనే పెట్టుకున్నారు. నన్ను నిందించిన మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ వాడికి తలకి నూనె రాస్తూ జోలపాట పాడేవారు. మధ్యలో ఊపిరికి ఆగితే వాడు ఆవిడ చెయ్యి తీసి మళ్ళీ తల మీద పెట్టుకునేవాడు. ఎవరూ నేర్పకుండానే ఆవిడ నాకన్నా బాగా ఆ విద్య నేర్చుకున్నారు. పోయేముందు ఏడాది నాతో అన్నారు, "నిన్ను ఊరికే అన్నానే" అని. ఆ ఒక్క మాటతో నా పదేళ్ళ బరువు దిగింది. ఇంట్లో నలుగురు పంచుకుంటే ఎవరూ విరిగిపోరు.

అయితే ఇంటి బయట కూడా పంచుకునేవాళ్ళు ఉండాలి. దాని పేరే హక్కు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఆటిజం అసలు లేదు. మా అబ్బాయికి సర్టిఫికెట్టు కావాలంటే 'బుద్ధిమాంద్యం' అని రాయించుకోవాల్సి వచ్చింది. అబద్ధం రాయించుకుంటే తప్ప హక్కు లేదు! 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. మన దేశానికి తగిన ఆటిజం కొలమానాన్ని సికింద్రాబాదులోని జాతీయ సంస్థ 2009లో తయారు చేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. నలభై శాతానికి తగ్గకుండా వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఆ చట్టం ఇచ్చింది. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భృతి మాట కూడా అందులో ఉంది. కాగితం మీద ఉన్నవన్నీ మనకు అందాయా అని మీరే ఒకరినొకరు అడగండి.

నేను అడిగేవి నాలుగు. ఒకటి, ఏడాదిన్నర, రెండేళ్ళ వయసులో ప్రతి బిడ్డనీ అంగన్‌వాడీలోనే పరీక్షించాలి. పేరు పిలిస్తే పలుకుతుందా, వేలు చూపిస్తుందా, వచ్చిన మాటలు పోయాయా అని చూడడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రెండు, అంగన్‌వాడీ, ఆశా చెల్లెళ్ళకు శిక్షణ ఇచ్చి, దానికి తగిన జీతం కూడా ఇచ్చి, ఈ పని ఇంటింటికీ తేవాలి. సాధ్యమా అంటారా? ఇందాక చెప్పిన ఇంగ్లండు పద్ధతినే గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేసి చూశారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రులు పిల్లలకు తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మూడు, బిడ్డని చూసుకునే మనిషి పనికి విలువ కట్టి భృతి ఇవ్వాలి. నాలుగు, వైద్యుల చదువులోనే ఒక పాఠం పెట్టాలి: తల్లిని నిందించడం రోగ నిర్ధారణ కాదని.

నేను పోయాక వాడి గతి ఏమిటన్న ప్రశ్న నాకూ రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు. పద్దెనిమిది నిండాక సంరక్షకుల్ని నియమించడానికి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక కమిటీ ఉంటుంది. దరఖాస్తు పెట్టండి, వాయిదా వెయ్యకండి. కానీ కాగితం మీది సంరక్షకుడు చాలడు. వాడు గడ్డం పట్టుకుంటే తిరిగి చూసే నలుగురు మనుషులు ఊళ్ళో ఉండాలి.

అందుకని చివరిగా ఒక్కటి. మీ వీధిలో ఇలాంటి బిడ్డ తల్లి ఉంటే "ఏం తప్పు చేశావమ్మా" అని అడగకండి. "ఒక గంట నేను చూస్తాను, నువ్వు పడుకో" అనండి. ఆ బిడ్డ మెదడుకు అది కూడా మేతే.